మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు?

ఇంట్లో పైపు పగిలినా, మోటారు మొరాయించినా, పోయిన కరెంటు గంటల తరబడి రాకపోయినా మొదట మోగేది ఇంటాయన ఫోను. ఆయన అంగట్లోనో, కలెక్టరాఫీసులోనో, గుంతకల్లులో రైల్వే డ్యూటీలోనో ఉంటాడు. "వాల్వ్ యాడుంది?" అని భార్య అడుగుతుంది. "మెట్ల కింద చూడు, రెండుంటాయి, ఎడంపక్కది" అంటాడాయన. మెట్లకు ఎదురుగా నిలబడితే ఎడమా, వీపు పెట్టి నిలబడితే ఎడమా అన్నది తేలేలోగా మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయిపోతుంది. కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చే వీధిలో వెయ్యి లీటర్లు నేలపాలు కావడం చిన్న నష్టం కాదు.

ఇంటి మరమ్మతుల మీద వచ్చే సలహాలు ఎక్కువగా పనిముట్ల చుట్టూ తిరుగుతాయి. ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటారన్నది పట్టించుకోవు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు అనంతపురం ఇళ్లలో ఉండేది ముసలి అత్తామామలు, సెలవుల్లో ఉన్న పిల్లలు, ఇల్లాలు. ఏ పైపు ఎటు పోతుందో, ఏ స్విచ్చు దేనిదో తెలిసినవాడు మాత్రం బయట ఉంటాడు. ఇంటి సంగతి తెలిసినవాళ్లూ ఇంట్లో ఉండేవాళ్లూ వేరు వేరు మనుషులైనంత కాలం ఎన్ని జాగ్రత్తలు రాసినా అవి కాగితం మీదే ఉంటాయి. కాబట్టి ఇక్కడ చెప్పే ప్రతి పనీ ఇంట్లో ఉండే మనిషి, ప్లంబర్ వచ్చేలోపు, చేతనైనంతలో చేయదగినదే.

ఒకటి పడితే మూడూ పడతాయి

అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి రుతుపవనాలు కనుమల అవతలే చాలావరకు కురిసి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. తాగునీళ్లు, సాగునీళ్లు తుంగభద్ర ఎగువ కాలువ మీదుగా, శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా మీదుగా, పెన్నా అహోబిలం లాంటి జలాశయాల్లో ఆగి రావాలి. ఎక్కడో వంద మైళ్ల అవతల ఏదైనా తేడా వస్తే ఇక్కడి కొళాయిలో గాలి బుస్సుమంటుంది.

దీనికి ఎండ తోడవుతుంది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి. 45 చేరితే మామూలుతో పోలిక లేకుండానే వడగాలి. అలాంటి రోజు ఊరందరి ఏసీలు, కూలర్లు, బోరు మోటార్లు ఒకేసారి తిరుగుతాయి. ఓల్టేజీ పడిపోతుంది. ఓల్టేజీ పడితే మోటారు అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, కాలుతుంది. మోటారు కాలితే ట్యాంకు నిండదు. ట్యాంకు నిండకపోతే కూలర్‌లో నీళ్లుండవు. మధ్యాహ్నం పడుకున్న పెద్దాయన సాయంత్రానికి మాట తడబడుతూ లేస్తాడు. మోటారుతో మొదలైన గొడవ ఆసుపత్రిలో తేలుతుంది. అందుకే ఈ ప్రాంతంలో ప్లంబింగ్‌నీ, కరెంటునీ, ఒంటినీ వేర్వేరు అధ్యాయాలుగా రాయడం కుదరదు.

ముందు మనిషిని చూడాలి

2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఎండలో కూలి పనికి పోయేవాళ్లే చనిపోతారని చాలామంది అనుకుంటారు. గాలి ఆడని గదిలో, ఫ్యాను తిరగని ఇంట్లో మంచం మీద ఉన్న ముసలివాళ్లకూ వడదెబ్బ తగులుతుంది. వాళ్లకు దాహం సరిగ్గా తెలియదు. బీపీకి, గుండెకు వాడే కొన్ని మందులు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. కాబట్టి కరెంటు పోయి గంట దాటితే ఫ్యూజు వెతకడానికి ముందు అవ్వా తాతల దగ్గరికి వెళ్లాలి. పేరు పెట్టి పిలవాలి, రెండు మాటలు మాట్లాడించాలి. నీరసం, తలనొప్పి, కాళ్లు పీకడం మాత్రమే ఉంటే చల్లటి చోటికి మార్చి, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పేసిన పల్చటి మజ్జిగ గానీ కొద్దికొద్దిగా తాగించాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. రాగి అంబలి తాగే అలవాటున్న ఇంట్లో అది వేసవికి మంచి ఆహారం. అయితే జబ్బు చేసిన మనిషికి కొలత ప్రకారం కలిపిన ఓఆర్‌ఎస్సే సరైనది.

మాట తడబడినా, మనిషి తికమకగా ఉన్నా, ఒళ్లు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు చల్లి, విసనకర్రతోనో ఫ్యానుతోనో గాలి తగిలేలా చూడాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డ గానీ గుడ్డలో చుట్టిన మంచుముక్కలు గానీ పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయడం వల్ల ఉపయోగం లేదు. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర ఈ వేడిని దించలేదు.

ట్యాంకులో ఉన్న నీళ్లు ఒక్క బకెట్టే అయినా, అది ముందు ఈ పనికే.

ఫ్యాను గురించి ఒక మాట. గదిలో గాలి 40 డిగ్రీలు దాటాక వట్టి ఫ్యాను ఒంటిని చల్లబరచదని, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. వేడిగాలిని ఒంటి మీదికి తోయడమే అవుతుంది. తడి ఉంటే సంగతి వేరు. తడిపి పిండిన పల్చటి నూలు పంచె కప్పుకుని ఫ్యాను కింద కూర్చుంటే నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. అనంతపురం ఎండ పొడి ఎండ కాబట్టి ఇది ఇక్కడ బాగా పనిచేస్తుంది, నెల్లూరు ఉక్కలో ఇంత పనిచేయదు.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు పదేపదే తెరవకూడదు. జెనీవా విశ్వవిద్యాలయం, ఎంఎస్‌ఎఫ్ వైద్య సంస్థ కలిసి 2021లో ప్రచురించిన పరిశోధనలో 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ పనితనం తగ్గలేదని తేలింది. అనంతపురంలో మధ్యాహ్నం గది 37 దాటుతుంది గనుక, పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మందును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి నీడలో ఉంచాలి. ఇసుక ఆరకుండా చూసుకోవాలి. రంగు మారినా, రేణువులు కనిపించినా ఆ సీసా వాడకూడదు.

తుంగభద్ర పంతొమ్మిదో గేటు

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. ఆ ఏడు మంచి వానలు పడి నిండిన జలాశయం. ఎగువ కాలువ కింద బతికే అనంతపురం రైతులకు ఆ రాత్రి నిద్ర లేదు. అధికారులు చేసిన మొదటి పని పైకి విచిత్రంగా కనిపించింది. ఒక గేటు పోయి నీళ్లు పోతుంటే మిగిలిన గేట్లు కూడా ఎత్తి ఇంకా నీళ్లు వదిలారు. 33 గేట్లున్న ఆనకట్టలో ఒక్క ఖాళీ దగ్గరే భారం పడకుండా, ఒత్తిడి తగ్గించడానికే అలా చేశారు. తర్వాత గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, పారుతున్న నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి ఉక్కు స్టాప్‌లాగ్ పలకలు దించి, వారం తిరిగేసరికి ఆ ఖాళీని మూశారు.

మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే పైపు పగిలినప్పుడు చేయాల్సిన పనుల వరుసా ఇదే. ముందు ఒత్తిడి తగ్గించాలి, అతుకు సంగతి తర్వాత. నీళ్లు చిమ్ముతున్న చోట గుడ్డ కట్టడానికి ప్రయత్నించేవాళ్లే ఎక్కువ. పారుతున్న పైపు మీద ఏ టేపూ నిలవదు. ముందు ట్యాంకు కిందున్న వాల్వ్ కట్టేయాలి. తర్వాత ఇంట్లో అన్నిటికంటే కిందున్న కొళాయి తెరిచి, దాని కింద బకెట్లు పెట్టి, పైపులో మిగిలిన నీళ్లు పట్టుకోవాలి. ఆ నీళ్లూ దక్కుతాయి, పైపూ ఖాళీ అవుతుంది. అప్పుడు పగిలిన చోటు తుడిచి ఆరబెట్టి, పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున పొడుగ్గా కోసి, బాగా సాగదీస్తూ, పగులుకు జానెడు ఇటునుంచి జానెడు అటుదాకా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టాలి. చివర సన్నతీగతో బిగించాలి. దీని మీద వాల్వ్ సగమే తెరవాలి. ప్లంబర్ మరునాడు వచ్చేదాకా ఇది ఆగుతుంది. ఎంసీల్ కూడా పనికొస్తుంది గానీ అది గట్టిపడే వ్యవధి ఇవ్వాలి. పెట్టిన వెంటనే నీళ్లు వదిలితే ఊడొస్తుంది.

వాల్వ్ తిరక్కపోతే? ఇక్కడి ఇళ్లలో అసలు కష్టం ఇదే. బోరు ఉప్పు నీళ్లు గేట్ వాల్వ్ లోపల తెల్లగా పేరుకుని, కదల్చక ఏళ్లైన వాల్వ్ బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే పిడి చేతికొస్తుంది. అలాంటప్పుడు మిద్దె ఎక్కి, ట్యాంకు లోపలినుంచి అడుగు రంధ్రానికి గుడ్డ ఉండను ప్లాస్టిక్ కవర్లో కట్టి అడ్డం పెట్టాలి. నీటి బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ గుడ్డ పైపులోకి జారిపోకుండా తాడు కట్టి, రెండో కొస బయట ఉంచుకోవాలి. ఇది పెద్దవాళ్లు, అదీ ట్యాంకు మూతలోంచి చేయి అందేంత చిన్న ట్యాంకు అయితేనే చేయాలి. పిల్లల్ని ట్యాంకులోకి దించడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. రెండు నెలలకోసారి ప్రతి వాల్వ్‌నూ పూర్తిగా కట్టి మళ్లీ తెరిస్తే ఈ అవస్థ రాదు.

పగలడానికి కారణం తరచుగా ఎండే. మిద్దె మీద బయటికి కనిపించే తెల్ల పీవీసీ పైపు ఏళ్ల తరబడి ఎండకు పెళుసుబారుతుంది. కాలు తగిలినా, మోటారు వేసినప్పుడు నీళ్ల దెబ్బ తగిలినా చిట్లుతుంది. తెల్ల రంగు పూసినా, పాత గోనెపట్టా చుట్టి కట్టినా దాని ఆయుష్షు పెరుగుతుంది.

గడ్డకట్టే చలిలో పైపులు పగలడానికి కారణం వేరే. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తినప్పుడు డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఉన్న తెలుగు కుటుంబాలు కూడా కరెంటు లేక చీకట్లో గడిపాయి. రాష్ట్రం మొత్తం మీద 45 లక్షల ఇళ్లకు పైగా కరెంటు పోయింది. గోడల్లో, అటకల్లో పైపుల్లోని నీళ్లు గడ్డకట్టి వ్యాకోచించి పైపుల్ని చీల్చాయి. మంచు కరిగాక ఇళ్లలోకి నీళ్లు కురిశాయి. ఇంటి ముందు మీటరు పెట్టె ఎక్కడుందో, దాన్ని తిప్పే కీ ఎలా ఉంటుందో తెలిసిన ఇంట్లో నష్టం కొంతలో ఆగింది. అక్కడ చలికి మూసిన గ్యారేజీల్లో కార్లు నడిపి, బొగ్గుల కుంపట్లు వెలిగించుకుని, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు చనిపోయినవాళ్లున్నారు. కరెంటు పోయిందని జనరేటర్‌ను వరండాలోనో మెట్ల కిందో పెట్టి నడిపే ఇళ్లు అనంతపురంలోనూ ఉన్నాయి. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే, కిటికీలకు దూరంగా ఉండాలి. ఆ వాయువుకు వాసన ఉండదు.

నీళ్లు రానప్పుడు, వచ్చినప్పుడు

ఆపద సమయంలో మనిషికి రోజుకు 15 లీటర్లు కనీస అవసరమని సహాయక సంస్థలు అనుసరించే స్ఫియర్ ప్రమాణం చెబుతుంది. తాగడం, వంట, ఒళ్లు శుభ్రం అన్నీ అందులోనే. నలుగురున్న ఇంటికి రోజుకు 60, మూడు రోజులకు 180. అంటే మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంటే మూడు రోజులు గడుస్తాయి. ట్యాంకు, సంపు ఉన్నాయి కదా అని దీన్ని మానకూడదు. ట్యాంకు నీళ్లు దిగాలంటే పైపు బాగుండాలి, సంపు నీళ్లు ఎక్కాలంటే కరెంటుండాలి. డ్రమ్ముకు చెంబు చాలు.

బోరున్న ఇళ్లలో వేసవి ప్రమాదమంతా మోటారుది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. నీటిమట్టం పడిపోయి అది ఉత్తినే తిరిగితే కొద్దిసేపట్లోనే కాలిపోతుంది. స్టార్టర్ పెట్టె మీద గుండ్రటి ఆంపియర్ మీటరు ఉంటుంది. బోరు బాగా పోస్తున్న రోజు ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ చోట అద్దం మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించాలి. ముల్లు ఆ బొట్టుకు బాగా కిందికి పడిందంటే మోటారు నీళ్లు ఎత్తడం లేదు. బొట్టు దాటి పైకి పోయిందంటే ఓల్టేజీ పడిందన్నా అనుకోవాలి, మోటారు పట్టేసిందన్నా అనుకోవాలి. రెంటిలో ఏదైనా వెంటనే ఆపేయడమే. చదువు రాని అవ్వ కూడా ఈ బొట్టును చూసి చెప్పగలదు. ట్యాంకు మీద పడే నీళ్లు ఆగి ఆగి, గాలి కలిసి తెల్లగా నురగలా వస్తున్నా అదే గుర్తు. కొన్ని గంటలు బోరును వదిలేసి, ఊట చేరాక కొద్దిసేపే వేసుకోవాలి. నీళ్లు లేకుండా తిరిగితే (డ్రై రన్) మోటారును ఆపేసే పరికరం స్టార్టర్‌కు బిగించుకోవచ్చు. మోటారు పైకి తీసి వైండింగ్ కట్టించే ఖర్చుతో పోలిస్తే దాని ధర తక్కువ.

నీళ్లు లేని రోజు కంటే వచ్చిన రోజు ఎక్కువగా జరిగే నష్టాలు కొన్ని ఉన్నాయి. కొళాయి తిప్పి చూసి, రాకపోతే అలాగే వదిలేసి ఊరికి పోతారు. అర్ధరాత్రి నీళ్లొచ్చి సంపు పొంగి ఇల్లంతా పారుతుంది. నీళ్లు ఆగిన రోజుల్లో ఖాళీ పైపులోకి పగుళ్ల గుండా మురుగు పీల్చుకుంటుంది కాబట్టి మొదట వచ్చే రెండు మూడు బిందెలు చెట్లకు పోయాలి. పంచాయతీ, మున్సిపల్ పైపుకే నేరుగా మోటారు బిగించి లాగడం ఈ పీల్పును ఇంకా పెంచుతుంది. అలా లాగిన ఇంటికే కాదు, వీధి మొత్తానికీ మురుగు చేరుతుంది. చట్టం సంగతి అటుంచి, పక్కింటి పసిబిడ్డకు విరేచనాలు తెప్పించే పని అది.

సోలార్ వాటర్ హీటర్ ఉన్న ఇళ్లకు మరో ముప్పు. ట్యాంకు ఖాళీ అయి, గాజు గొట్టాలు ఎండలో ఉత్తినే కాగుతుంటాయి. మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చిందని ఆత్రంగా నీళ్లు ఎక్కిస్తే ఆ చన్నీళ్ల దెబ్బకు గొట్టాలు పగులుతాయి. హీటర్‌కు పోయే వాల్వ్ కట్టి ఉంచి, పొద్దు గుంకాక, గొట్టాలు చల్లారాక తెరవాలి. ఎండ ముదిరిన నెలల్లో అసలు ఆ హీటర్‌తో పనే ఉండదు. గొట్టాల మీద గోనెపట్టా కప్పేస్తే సరిపోతుంది.

ట్యాంకర్ నీళ్లు ఎక్కడివని అడిగి తీరాలి. ఇంటి వాడకానికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. ఒక మగ్గులో కలిపి, తేరిన పైనీళ్లు మాత్రం ట్యాంకులో పోసి గంటసేపు వదలాలి. ఈ జిల్లాకు ఇంకొక జాగ్రత్త ఉంది. ఇక్కడి బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం 731 గ్రామాలకు పైపులు వేయడానికి కరవుతో పాటు అదీ ఒక కారణం. కాచి వడపోస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి కొళాయి రాని రోజుల్లో కొత్త బోరు నీళ్లను కాచాం కదా అని పిల్లలకు రోజుల తరబడి తాగించకూడదు.

ఎండిన ఎర్త్

కరెంటు విషయంలో అనంతపురం ఇళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం నేలలో ఉంది. ఇంటి పక్క గుంతలో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ కడ్డీ పనిచేయాలంటే చుట్టూ మట్టి తేమగా ఉండాలి. ఎర్ర నేల మార్చికే గట్టిపడి ఎండుతుంది. సరిగ్గా కూలర్లు తిరిగే నెలల్లో, నీళ్లు, రేకు, కరెంటు మూడూ ఒకచోట చేరినప్పుడు, ఎర్త్ బలహీనమవుతుంది. కూలర్ రేకు తాకితే జివ్వుమంటుంది. ఫ్రిజ్ పిడి, చివరికి బాత్‌రూమ్ కొళాయి కూడా. "కొంచెం కొడుతుందిలే, చెప్పులేసుకుని ముట్టుకో" అని పిల్లలకు చెప్పే ఇళ్లున్నాయి. ఇది చాలా బాధ కలిగించే మాట. జివ్వుమన్న రోజే ఆ వస్తువు స్విచ్చు కట్టి, ప్లగ్గు పీకి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాడకూడదు. వేసవి నాలుగు నెలలూ వారానికి రెండుసార్లు ఎర్త్ గుంతలో రెండు బిందెలు పోయాలి. బట్టలు జాడించిన నీళ్లైనా చాలు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే లీకేజీ వచ్చిన క్షణంలో కరెంటు తెగిపోతుంది. కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకి ఉండాలన్నది ఇంట్లో పసివాడికి కూడా అలవాటు కావాలి.

ఎవరికైనా షాక్ కొడుతుంటే వాళ్లను పట్టుకోకూడదు. మెయిన్ కట్టేయాలి. అది అందకపోతే ఎండు కట్టెతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టాలి. వీధిలో తీగ తెగిపడినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా 1912కి చెప్పాలి. పోయిన కరెంటు తిరిగి రాగానే అన్నీ ఒకేసారి వేయకూడదు. ఏసీకీ ఫ్రిజ్‌కూ ఐదు నిమిషాలు విరామమిచ్చి, మోటారు ఆఖరున వేయాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎండాకాలం త్వరగా తగ్గుతుంది, నెలకోసారి చూడాలి.

చల్లదనం

కూలర్ ఈ ఊరికి సరిగ్గా సరిపోయిన యంత్రం. పొడిగాలిలో నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. కానీ కిటికీ మూసి కూలర్ వేస్తే పావుగంటలో గది ఉక్కపోస్తుంది. కూలర్ కిటికీకి బయట ఉండాలి, గదికి ఎదురువైపు ఒక కిటికీ బారుగా తెరిచి ఉండాలి. గాలి చల్లగా రావడం మానిందంటే చాలాసార్లు ప్యాడ్ల మీద ఉప్పు గట్టి పొరగా కట్టి ఉంటుంది. ఆర్‌ఓ నుంచి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని కూలర్‌లో పోస్తుంటారు. మంచి ఉద్దేశమే గానీ ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ, ప్యాడ్లు ఇంకా త్వరగా పాడవుతాయి. వాటిని ఇల్లు తుడవడానికి, ఎర్త్ గుంతకు వాడుకోవాలి. వారానికోసారి కూలర్ పూర్తిగా వంపి ఆరబెట్టకపోతే డెంగీ దోమ అందులోనే పెరుగుతుంది.

ఏసీ చల్లబడటం లేదని మెకానిక్‌ను పిలిచే ముందు మూడు సంగతులు చూడాలి. లోపలి జల్లెడ దుమ్ముతో మూసుకుందా, బయటి యూనిట్‌కు గాలి ఆడుతోందా, తలుపు కింద సందు ఉందా. దేశంలో ఏసీల సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలుస్తారు. 43 డిగ్రీల్లో అది అంత పని చేయలేదు. 18కి తిప్పినంత మాత్రాన వేగంగా చల్లబడదు, మీటరు మాత్రం తిరుగుతుంది. లోపలి గొట్టం మీద మంచు కట్టి నీళ్లు కారుతుంటే ఏసీ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో పెట్టి మంచు కరగనివ్వాలి. చాకుతో గీకితే గొట్టం చిల్లు పడి గ్యాసంతా పోతుంది.

అసలు వేడి దిగేది పైకప్పు నుంచి. పాత రాయలసీమ ఇళ్లలో దంతెల మీద కట్టెలు పేర్చి, చౌడు మట్టి మందంగా పరిచిన మిద్దె మధ్యాహ్నపు ఎండను లోపలికి త్వరగా రానిచ్చేది కాదు. దాని స్థానంలో వచ్చిన సిమెంటు స్లాబు పగలంతా వేడి తాగి, అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే గది వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అనంతపురం ఇంటికి ఏ విధానమూ అక్కర్లేదు. ఫిబ్రవరి చివర ఒక ఆదివారం, రెండు బస్తాల సున్నం, ఇద్దరు మనుషులు చాలు.

వాన కూడా ఆపదే

కరవు సీమ అని వరదను మరచిపోకూడదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం లోతట్టు కాలనీలు నీట మునిగాయి. వంక దారిలో ఇల్లున్నవాళ్లు నీళ్లు గడప తాకకముందే మెయిన్ కట్టేయాలి. స్విచ్ బోర్డు వరకు నీళ్లు వచ్చాక ఆ గదిలో అడుగు పెట్టకూడదు. నీళ్లు తీశాక సంపు పూర్తిగా తోడి, కడిగి, బ్లీచింగ్ వేసేదాకా ఆ నీళ్లు నోటికి పనికిరావు. సెప్టిక్ ట్యాంకు మురుగు అందులో కలిసి ఉంటుంది. తడిసిన మోటారు, ఫ్రిజ్ ఎండలో ఆరబెట్టినంత మాత్రాన వేయకూడదు, మెకానిక్ చూడాలి.

ఇవన్నీ ఇంట్లో ఉండేవాళ్ల చేతికి ఎలా వస్తాయి? చెబితే రావు, చేయిస్తేనే వస్తాయి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఇంటాయన కుర్చీలో కూర్చుని నోరు మెదపకుండా ఉండాలి. ఇల్లాలు, పదేళ్లు దాటిన పిల్లలు వాల్వ్‌లు వెతికి కట్టాలి, తెరవాలి, మెయిన్ దించాలి, సైకిల్ ట్యూబు చుట్టి చూడాలి. కట్టిన వాల్వ్‌తో ఏ కొళాయి ఆగిందో చూసి, ప్రతి వాల్వ్‌కు పెయింటుతో "వంటిల్లు", "బాత్‌రూమ్", "ట్యాంకు" అని రాయాలి. అవ్వ తాతలకు స్టార్టర్ బొట్టు, 108 నంబరు నేర్పాలి. మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు ఒక అట్ట అంటించి, దాని మీద 108, 112, కరెంటుకు 1912, విపత్తుల సంస్థ 1070, నమ్మకమైన ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోన్‌లో సేవ్ చేసి ఉన్నాయి కదా అనుకుంటే, ఆ ఫోన్ ఆఫీసులో ఉంటుంది.

బాడుగ ఇళ్లలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు. ట్యాంకు వాల్వ్ పైపోర్షన్‌లో, మెయిన్ ఇంటి ఓనర్ తాళం వేసుకున్న గదిలో ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చే ముందు గోడల రంగు చూసినట్టే అవి ఎక్కడున్నాయో, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగాలి. రెండో తాళం చెవి ఒకటి తమ దగ్గర ఉండేలా ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఓనర్ బెంగళూరులో ఉంటే ఇది మరీ తప్పనిసరి.